మన ఎరుపు కాదు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. వసారాలో మంచం మీద నాన్నమ్మ, ఒళ్ళో పాత గుడ్డ పెట్టుకుని పోగులు లాగుతోంది. తొట్టి గదిలో నాన్న, త్రాసు ముందు గొంతుక్కూర్చుని చెంచాతో ఎర్ర పొడి తూస్తున్నాడు. అదే గదిలో అమ్మ, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, నిలువెత్తు కర్రతో తొట్టిలో గుడ్డ తిప్పుతోంది. డాబా మీద బాబాయి, తడి తానులు తాళ్ళ మీద పరుస్తూ ఈల వేస్తున్నాడు. ముందు గదిలో కుర్చీ అంచున నాటకశాల గుమాస్తా, తొడ మీద పాత తెర ముక్క పెట్టుకుని కూర్చున్నాడు. వీళ్ళందరి మధ్యా మంచినీళ్ళ గ్లాసుతో తిరుగుతున్నది చుక్కి. పదహారేళ్ళది. ఎవరూ పలకరించకపోతే పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా నోరు విప్పకుండా గడిపేయగలదు.

గుమాస్తా గ్లాసు అందుకుంటూ తొట్టి గదివైపు కేకేశాడు.

"పాత తెరా కొత్త తెరా పక్కపక్కన వేలాడితే తేడా తెలియకూడదు మేస్త్రీ. మా యజమానివి కళ్ళు కావు, భూతద్దాలు."

"తెర వెనక ఏం జరుగుతుందో నాకు తెలీదు గానీ, తెర సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు నాన్న, తలెత్తకుండానే.

అంతలో అమ్మ కర్రని తొట్టి అంచుకి ఆనించి పెరట్లోకి నడిచింది. గంటలో ఇది మూడోసారి.

"సగంలో వదిలేస్తే గుడ్డంతా మచ్చలు పడుతుందే!" అని నాన్న విసుక్కుని, తనే లేచి కర్ర పట్టుకున్నాడు.

కుళాయిలో నీళ్ళు రావడం లేదని గుర్తొచ్చి చుక్కి బకెట్టు తీసుకుని అమ్మ వెనకే వెళ్ళింది. దొడ్డి గది తలుపు ఓరగా ఉంది. అమ్మ అప్పుడే లేచి కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. తెల్ల పింగాణీ మీద ఎర్రటి నీళ్ళు. లేత ఎరుపు కాదు. రెండో ముంచులో తీసిన గుడ్డకుండే ఎరుపు.

"ఏమిటలా గుడ్లప్పగించి చూస్తావ్? రంగే," అంది అమ్మ. బకెట్టు లాక్కుని నీళ్ళు కుమ్మరించింది. ఆమె చేతులు మోచేతుల దాకా అదే రంగులో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా ఏ సబ్బుకీ వదలని రంగు అది.

"మంటగా ఉందా అమ్మా?"

"మంటా లేదు, నొప్పీ లేదు. వీధి చివర డాక్టరు ఊరికే మంటకి మాత్రలిచ్చాడు. మూడు అట్టలు మింగాను. ఆడవాళ్ళకి మామూలేనట."

నాన్నమ్మ చెవులు పాము చెవులు. పెరట్లో గుసగుస కూడా వసారాలోంచి వింటుంది.

"దానికింత రాద్ధాంతం దేనికే? రంగు ఒంటబట్టింది, అంతే. ఈ ఇంట్లో పనిచేసినవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఎర్రగా దిగుతుంది. మీ తాతకైతే ప్రాణం పోయేదాకా దిగుతూనే ఉంది. అంత పనివాడాయన!"

డాబా మెట్లు దిగుతూ బాబాయి అందుకున్నాడు. "వదినా, నిన్ను పట్టి పిండితే ఇంకో తానుకి సరిపడా రంగొస్తుందేమో!"

"ముందు నిన్ను పిండుతానుండు. ఆ పొట్టన్నా తగ్గుతుంది," అని అమ్మ నవ్వుతూ లోపలికి పోయింది.

అందరూ నవ్వారు. చుక్కి మాత్రం ఖాళీ బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పోయిన వారమంతా తొట్టిలో నీలమే నడిచింది. ఒక్క తాను కూడా ఎర్రది వెయ్యలేదు. అయినా అమ్మకి వచ్చింది ఎరుపే. ఈ మాట బయటికి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. గుమాస్తా ముందు గదిలో ఉన్నాడు. బాబాయి ఇంకా నవ్వుతున్నాడు. మాట మళ్ళీ కిందికి దిగిపోయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి తొట్టిలోనూ వేలెడు వెడల్పున్న తెల్ల గుడ్డ పేలిక ముంచి, కిటికీ దగ్గర కట్టిన దారానికి పిన్నీసుతో తగిలిస్తారు. అది రాత్రంతా ఆరుతుంది. తెల్లారాక నాన్న పళ్ళు తోముకుని, ఇంకా ఏమీ తాగకుండా, ఆ పేలికల ముందు నిలబడతాడు. ఒక్కోదాని ఒక కొస తడిపి సబ్బు రుద్ది, వెలుతురుకి పట్టి చూస్తాడు. నిలిచిన రంగేదో దిగిపోయే రంగేదో అప్పుడు తేలుతుంది. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ దొడ్డికి వెళ్ళి వచ్చాక, నీళ్ళు తాను పోస్తానని చెప్పి చుక్కి లోపలికి వెళ్ళింది. జాకెట్టులో దాచుకున్న పేలిక తీసింది. ముంచి, కొసలు పట్టుకుని పిండకుండా తీసుకొచ్చి, దారానికి చిట్టచివర తగిలించింది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంది.

తెల్లారి దారం మీద ఆరు పేలికలు. ఐదు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆరోది తుప్పుపట్టిన మేకుని తుడిచిన గుడ్డలా ఉంది.

నాన్న దాని ముందు ఆగాడు. "ఇదెవరు ముంచారు? ఒరేయ్, సోడా ఎక్కువ తగలేశావా?"

"నేను తొట్టి మొహం చూస్తే ఒట్టు," అన్నాడు బాబాయి.

"నేనే నాన్నా," అంది చుక్కి. తన గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ చెప్పింది. "నేనే."

"ఏ తొట్టి?"

చుక్కి చెయ్యెత్తి పెరటివైపు చూపించింది. "అమ్మది."

నాన్నకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. పేలిక కొస తడిపి సబ్బు రుద్దాడు. నురగ గోధుమ రంగుకి తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిటికీ వెలుతురుకి పట్టాడు, తిప్పాడు, మళ్ళీ పట్టాడు. నలభయ్యేళ్ళుగా ఎరుపుల్ని చూస్తున్న కళ్ళు అవి. రెండు తానుల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాయి.

"ఇది మన ఎరుపు కాదు," అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి సంగతి తెలుసుకుని చుక్కి మీద విరుచుకుపడింది. "సిగ్గులేని దానా! నా పరువు తీసుకెళ్ళి తాడు మీద ఆరేశావా?" కొట్టడానికి చెయ్యెత్తింది. నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చీర మార్చుకో. పెద్దాసుపత్రికి వెళ్దాం."

"మరి తెర మాటేమిటి?" అంది నాన్నమ్మ. "మాటిచ్చాం కదరా!"

నాన్న పేలికని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

మూత్రవ్యాధుల విభాగం ముందు బల్లల నిండా మగవాళ్ళే. ఒక ముసలాయన అమ్మని చూసి, "ఆడవాళ్ళ డాక్టరు పైఅంతస్తులో ఉంటుందమ్మా," అని సాయం చేయబోయాడు. అమ్మ చేతులు కొంగులో దాచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. వాళ్ళ వంతు వచ్చి అమ్మనీ, నాన్ననీ, చుక్కినీ లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నమయింది.

డాక్టరు ఆడమనిషి. పొట్టిగా ఉంది, కళ్ళజోడు జుట్టు మీదికి తోసుకుని ఉంది. నాన్న సంగతి చెప్పి పేలిక తీసి బల్ల మీద పెడితే చిరాకు పడలేదు. దాన్ని చూసింది, పక్కనున్న చుక్కిని చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలండి. కొన్నాళ్ళొస్తుంది, కొన్నాళ్ళాగిపోతుంది," అంది అమ్మ.

"మంట?"

"లేదండి."

"మంటే లేనప్పుడు మంటకి మందెలా ఇచ్చాడు?" అమ్మ తెచ్చిన మాత్రల అట్టల్ని అటూ ఇటూ తిప్పింది. "మూత్రం పరీక్ష ఒక్కసారైనా చేయించాడా?"

"లేదండి. ఆడవాళ్ళకి మామూలేనన్నాడు."

డాక్టరమ్మ అట్టల్ని చెత్తబుట్టలో పడేసింది. "మగవాడొచ్చి ఎర్రగా పోతోందంటే ఆ రోజే ఇక్కడికి పంపిస్తారు. ఆడమనిషైతే మూడు నెలలు మాత్రలు మింగిస్తారు." ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. ప్రతి వారం అనీ అనీ అరిగిపోయిన మాటలా ఉంది.

సీసాలో మూత్రం తీసుకున్నారు. పొట్ట మీద స్కానింగు చేశారు. స్కానింగులో మూత్రాశయం గోడకి ఏదో మచ్చ కనిపించింది కానీ అదేమిటో తేలలేదు. లోపలికి కెమెరా పంపి చూడాలన్నారు.

"సన్నటి గొట్టం. చివర దీపం, కెమెరా ఉంటాయి," అంది డాక్టరమ్మ. "మూత్రం వచ్చే దారిలోంచే పంపిస్తాం. కోత లేదు, కుట్టు లేదు. ముందు జెల్లీ పెడతాం, తిమ్మిరెక్కుతుంది. తోడుగా ఎవరుంటారు?"

అమ్మ నాన్నవైపు చూడలేదు. చుక్కి మణికట్టు పట్టుకుంది.

ఆ గది చల్లగా ఉంది. అమ్మని బల్ల మీద పడుకోబెట్టి, రెండు కాళ్ళూ ఎత్తి ఇనప ఊతల మీద పెట్టి, పచ్చ గుడ్డ కప్పారు. నర్సు నీళ్ళ సంచి ఎత్తుగా వేలాడదీసింది. ఆ నీళ్ళు లోపలికి వెళ్ళి మూత్రాశయాన్ని ఉబ్బిస్తే గోడలన్నీ కనపడతాయట. గొట్టం లోపలికి వెళుతున్నప్పుడు అమ్మ పళ్ళు బిగించింది. చుక్కి చేతి మీద ఆమె గోళ్ళు దిగాయి.

"ఊపిరి వదలండమ్మా. బిగిస్తే మీకే కష్టం. దగ్గండి ఒకసారి. ఆఁ, అయిపోయింది."

కెమెరా తెర మీద లోకం తెరుచుకుంది. లేత గోడ, దాని మీద ఆకు ఈనెల్లాంటి సన్నటి నరాలు. పైన ఒక గాలి బుడగ. ఒక మూల చిన్న కన్నం, చుక్కి చూస్తుండగానే అది నోరు తెరిచి ఇంత నీరు చిమ్మి మూసుకుంది. "మూత్రపిండం నుంచి దిగే దారి. బాగానే ఉంది," అంది డాక్టరమ్మ. కెమెరా పక్కకి తిరిగింది. ఆగింది.

అక్కడ ఏదో మొలిచి ఉంది. బొటనవేలంత. చెరువు అడుగున ఊగే పాచిలా, వందల చిన్న చిన్న వేళ్ళతో, నీటి వాలుకి అటూ ఇటూ ఊగుతోంది. ఒక వేలి కొసనుంచి సన్నటి ఎర్ర దారం ఒకటి పొగలా లేస్తోంది. అందంగా ఉంది. అలా అనిపించినందుకు చుక్కికి తన మీద తనకే అసహ్యం వేసింది.

గదిలో ఎవరూ మాట్లాడకపోయేసరికి అమ్మకి అనుమానం వచ్చింది. ఆమె పడుకున్న చోటికి తెర కనపడదు.

"ఏమే, ఏదైనా కనపడుతోందా? ఏ రంగులో ఉంది?"

"లేత గులాబి, అమ్మా."

"మనమెప్పుడైనా వేశామా ఆ రంగు?"

"లేదమ్మా. ఎప్పుడూ వెయ్యలేదు."

డాక్టరమ్మ గొట్టం కదపకుండానే అడిగింది. "ఏం పని చేస్తారు మీరు?"

అమ్మ కళ్ళు చుక్కివైపు తిప్పింది. చుక్కి చెప్పింది. "రంగుల అద్దకం అండి. పద్దెనిమిదేళ్ళుగా. నాన్న చెంచాతో తూస్తాడు, పొడి నీళ్ళల్లో కలిపేది అమ్మే. ఒట్టి చేతుల్తోనే కలుపుతుంది. పొద్దస్తమానం ఆ ఆవిరిలోనే నిలబడుతుంది. అంతకుముందు మా తాత కలిపేవాడు. ఆయనకీ ఇలాగే ఎర్రగా వచ్చేదట. చచ్చిపోయేదాకా వచ్చిందట."

పరాయి మనిషితో అన్ని మాటలు వరసగా చెప్పడం ఆమెకి అదే మొదలు. చెప్పాక చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ కళ్ళజోడు కిందికి దింపుకుని ఆమెవైపు తిరిగి చూసింది.

"పేలిక ముంచింది నువ్వేనా?"

చుక్కి తలూపింది.

"ఇంకో ఏడాది గడిస్తే ఇది గోడ దాటేసేది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు దాటిందో లేదో తీసి చూస్తేగానీ చెప్పలేను."

*

మర్నాడే నడుముకి మత్తిచ్చి, అదే దారిలోంచి ఇంకాస్త లావు గొట్టం పంపి, కొసనున్న కాలే తీగతో దాన్ని కొంచెం కొంచెంగా గీకి తీసేశారు. ముక్కల్ని సీసాలో వేసి పరీక్షకి పంపారు. అమ్మకి మూత్రపు గొట్టం పెట్టి, పైనుంచి సంచిలోని నీళ్ళు లోపలికి ఎక్కిస్తూ, కింద ఇంకో సంచిలోకి దించుతున్నారు. లోపల నెత్తురు గడ్డకట్టకుండా కడగడమన్నమాట. నీళ్ళు తేటపడితే గొట్టం తీసేస్తారు.

నాన్న మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, కింది సంచినే చూస్తూ ఉండిపోయాడు. నర్సు వచ్చిందంటే చాలు, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పేవాడు.

"పొద్దున మూడో ముంచు ఎరుపు. ఇప్పుడు రెండో ముంచు. ఇందాక కాసేపు చిక్కబడింది, మీరు నీళ్ళ వేగం పెంచాక మళ్ళీ తగ్గింది."

"ఎర్రగా ఉందా లేదా అని రాస్తే చాలండీ మాకు," అంది నర్సు నవ్వుతూ. "ఇందులో ఇన్ని మెట్లుంటాయని మా చదువులో చెప్పలేదు."

"దానిమ్మ గింజ రంగుకొచ్చింది తల్లీ. సాయంత్రానికి గులాబిరేకు అవుతుంది చూడండి."

నిజంగానే సాయంత్రానికి గులాబిరేకయింది. మర్నాటికి బియ్యం కడుగులా తేలింది. నర్సు రెండో రోజునుంచి తను చూడకముందే నాన్నని అడగడం మొదలుపెట్టింది. పక్క మంచాల వాళ్ళు కూడా తమ సంచులు చూపించి అడిగారు. నాన్న వంగి వంగి ఒక్కోటీ చూసి చెప్పాడు. అమ్మ కళ్ళు మూసుకునే అంది: "ఇంత శ్రద్ధ నా మీద పెళ్ళినాడు కూడా చూపించలేదు."

నాన్న గొట్టంలో మెలికపడిందేమోనని వేళ్ళతో తడుముతూ పోయాడు. ఆ వంకన మొహం కిందికి దించుకున్నాడు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. బాబాయితో కలిపి నలుగురూ వెళ్ళారు. వచ్చేటప్పుడు పొడి డబ్బా తెమ్మని డాక్టరమ్మ అంటే బాబాయి సంచిలో వేసుకొచ్చాడు. దాని మీద ఎర్ర పువ్వు బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు.

"క్యాన్సరే," అంది డాక్టరమ్మ. "పైపొరలోనే ఉంది. లోపలి కండలోకి దిగలేదు. అదృష్టం. కానీ ఇది మళ్ళీ మొలిచే రకం. అందుకని మూడు నెలలకోసారి కెమెరా పెట్టి చూడాలి. అలా ఏళ్ళ తరబడి చూస్తూనే ఉండాలి. బాగున్నాను కదా అని మానేయకూడదు." డబ్బా చేతిలోకి తీసుకుంది. "అన్ని పొడులూ ఒకటి కాదు. కొన్నింట్లో దీన్ని పుట్టించేవి ఉంటాయి. ఇందులో ఏముందో రాసి లేదు, కాబట్టి ఉందనే అనుకోవాలి. అమ్మా, మీరిక దీని దరిదాపులకి వెళ్ళొద్దు. మిగతావాళ్ళూ వాడొద్దు."

నాన్న, బాబాయి అక్కడే మూత్రం పరీక్షకి సీసాలు నింపి ఇచ్చారు. రెండింట్లోనూ రక్తం లేదు. "మాకేం లేదన్నారుగా!" అని బాబాయి దారి పొడుగునా అదే మాట అన్నాడు. నాన్న డబ్బాని ఆసుపత్రి గేటు దగ్గరున్న చెత్తకుండీ దాకా తీసుకెళ్ళాడు. కుండీ ముందు కాసేపు నిలబడ్డాడు. తిరిగి సంచిలో వేసుకున్నాడు. చుక్కి చూసింది. చూసినట్టు నాన్న గమనించి, "వేరే పొడితో ఆ ఎరుపు రాదే," అన్నాడు మెల్లిగా. "సగం తెర ఒక రంగు, సగం తెర ఒక రంగు ఎలా ఇస్తాం?"

*

ఇంటికొచ్చేసరికి గుమాస్తా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం నాటకం ఉందట. ఇంకా మూడు తానులు బాకీ. యజమాని వేరే అద్దకం వాళ్ళని చూసుకోమంటున్నాడట. "ఒంట్లో బాగోలేదంటే నాకు తెలీదా మేస్త్రీ? నేనర్థం చేసుకుంటా. తెర అర్థం చేసుకోదుగా!" అన్నాడు.

నాన్న పొయ్యి రాజేశాడు. బాబాయి డాబా మీదికి తాళ్ళు కట్టడానికి వెళ్ళాడు. రంగు మరిగేటప్పుడు పొడి వేసేవాడు ఒకడు కావాలి, ఆపకుండా తిప్పేవాళ్ళు ఒకరు కావాలి. నాన్న తొట్టి గది గుమ్మంలోకొచ్చి చుక్కిని పిలిచాడు.

"రా. కర్ర పట్టుకో. ఈ ఒక్క విడతే. పొడి నేనే కలుపుతాలే. తర్వాత సంగతి తర్వాత ఆలోచిద్దాం."

అమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది. చుక్కి తలుపు సందులోంచి ఒకసారి చూసింది. అమ్మ గోడవైపు తిరిగి ఉంది. తను వెళ్తే అమ్మ లేవనక్కర్లేదు. అలా అనుకునేసరికి చుక్కికి ధైర్యం వచ్చింది. ధైర్యమే కాదు, కాస్త గొప్పగా కూడా అనిపించింది.

నాన్నమ్మ మంచం మీదనుంచే చుక్కి లంగా ఎగదోపి కట్టింది. "పెద్దదానివయ్యావు. ఎప్పటికైనా నీ చేతికి రావలసిన కర్రే," అని బుగ్గ పుణికింది.

కర్ర అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. అమ్మ పట్టుకునే చోట నున్నగా అరిగి, అరచేతికి సరిగ్గా అమరింది. ఆవిరి మొహాన కొట్టింది. నాలుక మీద ఇనుము రుచి. తొట్టి అడుగునుంచి గుడ్డని ఎత్తి, తిరగేసి, మళ్ళీ ముంచాలి. మొదటి తిప్పులో తూలింది. రెండోది కుదిరింది. మూడోదానికి రంగు చింది మణికట్టు దాకా పడింది.

"అదీ! అలాగే. ఆపకు," అన్నాడు నాన్న.

వెనక అడుగుల చప్పుడైంది. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పొత్తికడుపు అదిమిపట్టుకుని అమ్మ వస్తోంది.

"కర్ర ఇలా ఇవ్వు."

"నువ్వు పడుకోమ్మా. డాక్టరమ్మ..."

"ఇవ్వవే."

"నువ్వెందుకు లేచావ్?" అన్నాడు నాన్న. "అది చేస్తుందిలే, చెయ్యి తిరిగింది."

అమ్మ కర్ర లాక్కుని తొట్టి అంచుకి ఆనించింది. చుక్కి చేతులు రెండూ పట్టుకుని మంచినీళ్ళ బకెట్టు దగ్గరకి ఈడ్చుకెళ్ళింది. సబ్బు రుద్దింది. ఒక్కో వేలూ, ఒక్కో గోరూ, మణికట్టు కిందా పైనా, చిన్నపిల్లకి కడిగినట్టు కడిగింది. కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. మళ్ళీ రుద్దింది. తొట్టిలో గుడ్డ ఎవరూ తిప్పేవాళ్ళు లేక ఒకచోటే ఉబ్బుతోంది. నాన్న మచ్చలు పడతాయని అనలేదు.

కడగడం అయ్యాక అమ్మ తన కొంగుతో ఆ చేతులు తుడిచింది.

"నాకెలాగూ మూడు నెలలకోసారి కెమెరా ఉంది," అంది నాన్నతో, మామూలు గొంతుతోనే. "దీనికి వద్దు."

చుక్కిని భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి గడప దాటించింది. "ఇంకోసారి ఈ గదిలో అడుగుపెట్టావంటే కాళ్ళు విరగ్గొడతాను," అంది.

చుక్కి వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. అమ్మ లోపలినుంచి తలుపు మూసేసింది.